వెండి శుద్ధికి పవర్ సప్లై ఇంట్లోనే ఎలా చేసుకోవాలి?

పాత పట్టీలు, తెగిన మొలతాళ్లు, వంగిపోయిన కుందులు కరిగించి వాటిలోంచి మేలిమి వెండి తీయడానికి మంచి పద్ధతి విద్యుద్విశ్లేషణ. కరిగించి పోసిన కల్తీ వెండి పలకను గుడ్డ సంచిలో పెట్టి ప్లస్‌కి, స్టెయిన్‌లెస్ స్టీలు పలకను మైనస్‌కి తగిలించి, రెంటినీ సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేలాడదీస్తారు. ప్లస్ వైపు వెండి కరిగి, మైనస్ వైపు తెల్లగా మెరిసే స్ఫటికాలుగా పేరుకుంటుంది. బంగారం ఉంటే నల్లటి బురదలా సంచిలోనే మిగులుతుంది, రాగి ద్రావణంలో ఉండిపోయి దాన్ని నీలంగా మారుస్తుంది. ద్రావణం, పలకలు కలిసిన ఈ ఏర్పాటునే సెల్ అంటారు. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, దాన్ని నడిపించే పవర్ సప్లై గురించి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. పని చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

అందరూ ముందు అడిగేది "ఎన్ని వోల్టులు పెట్టాలి?" అని. నిజానికి పట్టి ఉంచాల్సింది వోల్టుల్ని కాదు, ఆంపియర్లని. కరిగేదీ వెండే, పేరుకునేదీ వెండే కాబట్టి ఆ మార్పుకి వోల్టేజీ దాదాపు అక్కర్లేదు. మనం పెట్టే 2.5 నుంచి 3.5 వోల్టుల్లో ఎక్కువ భాగం ద్రావణంలోంచి కరెంటుని నెట్టడానికే పోతుంది. ఎంత వెండి వస్తుందన్నది ఆంపియర్ల లెక్క: ఒక ఆంపియర్ ఒక గంట నడిస్తే 4.02 గ్రాములు. అంటే 5 ఆంపియర్లు 24 గంటలు నడిస్తే సుమారు 483 గ్రాములు. ఇంట్లో చేసుకునే చిన్న సెల్‌కి 5 ఆంపియర్లు చాలా ఎక్కువే.

నేను మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు పెట్టి నేరుగా తగిలించాను. సాయంత్రం 3 ఆంపియర్లతో మొదలుపెట్టి పడుకున్నాను, తెల్లారి చూస్తే డయోడ్లు మాడిపోయి ఉన్నాయి. వెండి స్ఫటికాలు చెట్టు కొమ్మల్లా పెరుగుతాయి. అవి పెరిగేకొద్దీ మధ్యలో దూరం తగ్గుతుంది, కరెంటు తనంతట తానే పెరుగుతుంది, చివరికి ఒక కొమ్మ వెళ్లి అవతలి పలకని తాకితే షార్ట్. అందుకే మీరు ఏది కట్టినా దానికి ఆంపియర్లని ఒక హద్దు దగ్గర ఆపే ఏర్పాటు ఉండి తీరాలి. దీన్నే కాన్‌స్టంట్ కరెంట్ అంటారు, మాడ్యూళ్ల (రెడీమేడ్ సర్క్యూట్ బోర్డుల) మీద సీసీ అని రాస్తారు.

ఇంకో మాట ముందే చెప్తాను, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 230 వోల్టుల వైపు మీరు చేయి పెట్టకండి. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (దాని పవర్ సప్లై డబ్బా) విప్పి అందులో మార్పులు చేయమని చెప్పేవాళ్లున్నారు. దాని లోపల కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కాసేపు నిలిచే ఉంటుంది. మనకి కావాల్సింది 3 వోల్టులు, దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఏమేం కావాలి

సీసీటీవీ కెమెరాలకి వాడే, పూర్తిగా మూసి ఉన్న 12 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్ ఒకటి. ఎక్స్‌ఎల్4016 చిప్ ఉన్న, వోల్టేజీకి ఒకటి, కరెంటుకి ఒకటి చొప్పున రెండు చిన్న స్క్రూలున్న బక్ కన్వర్టర్ (వోల్టుల్ని తగ్గించే) మాడ్యూల్ ఒకటి. 12 వోల్టుల చిన్న ఫ్యాన్, కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు హోల్డర్లతో సహా రెండు (3 ఆంపియర్లది, 7.5 ఆంపియర్లది), మూతున్న ప్లాస్టిక్ డబ్బా, 2.5 స్క్వేర్ రాగి తీగ ఎరుపు నలుపు చెరో రెండు మీటర్లు, ఒక మల్టీమీటర్. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూటలో అన్నీ దొరుకుతాయి, లేకపోతే ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు.

12 వోల్టుల అడాప్టర్ 5 ఆంపియర్లది అయితే సరిపోతుందా అని అనుమానం రావచ్చు. బక్ కన్వర్టర్ వోల్టుల్ని తగ్గించి ఆ మేరకు ఆంపియర్లని పెంచుతుంది. సెల్ తీసుకునేది 3 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 15 వాట్లు. వృథా కలిపినా అడాప్టర్ నుంచి లాగేది 2 ఆంపియర్లు దాటదు. పాత ల్యాప్‌టాప్ చార్జర్ కూడా పనికొస్తుంది, కాకపోతే అది 19 వోల్టులు కాబట్టి ఫ్యాన్‌ని నేరుగా దానికి తగిలించకూడదు.

కట్టడం

అడాప్టర్ ప్లస్ తీగ 3 ఆంపియర్ల ఫ్యూజు గుండా మాడ్యూల్ ఇన్‌పుట్ ప్లస్‌కి, మైనస్ నేరుగా ఇన్‌పుట్ మైనస్‌కి. ఫ్యాన్‌ని కూడా ఇన్‌పుట్ వైపే, ఫ్యూజు తర్వాత, ప్లస్‌కి ప్లస్ మైనస్‌కి మైనస్ చూసి కలపండి, గాలి మాడ్యూల్ హీట్‌సింక్ (వేడిని బయటికి లాగే లోహపు రెక్కలు) మీదకి తగిలేలా తిప్పి పెట్టండి. మాడ్యూల్ 8 ఆంపియర్లు ఇస్తుందని అమ్మేవాళ్లు చెప్తారు, రోజంతా నడిపేటప్పుడు 5 దాటించకండి. అవుట్‌పుట్ ప్లస్ 7.5 ఆంపియర్ల ఫ్యూజు గుండా ఎర్ర తీగకి, మైనస్ నల్ల తీగకి. ఈ మాడ్యూళ్లలో చాలావాటికి కరెంటు కొలిచే రెసిస్టర్ మైనస్ దారిలో ఉంటుంది కాబట్టి ఇన్‌పుట్ మైనస్‌నీ అవుట్‌పుట్ మైనస్‌నీ ఎక్కడా కలపకండి, కలిపితే హద్దు పనిచేయదు.

తీగ సన్నంగా ఉంటే ఏమవుతుందిలే అనుకోకండి. 230 వోల్టుల్లో 0.2 వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 3 వోల్టుల్లో అంత పోతే లెక్క తప్పుతుంది.

సెట్ చేయడం

సెల్‌కి తగిలించక ముందే ఇది చేయాలి. అవుట్‌పుట్ తీగలు ఖాళీగా వదిలి, అడాప్టర్ ఆన్ చేసి, మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, వోల్టేజీ స్క్రూని 3.3 చూపించే దాకా తిప్పండి. ఈ స్క్రూలు చాలా చుట్లు తిరుగుతాయి, నాలుగు చుట్లు తిప్పినా ఏమీ మారలేదని కంగారుపడొద్దు. తర్వాత ఆఫ్ చేసి కరెంటు స్క్రూని అపసవ్యంగా చివరిదాకా తిప్పేయండి. మల్టీమీటర్ ఎర్ర పిన్నుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నాబ్‌ని డీసీ 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, రెండు పిన్నులూ అవుట్‌పుట్‌కి ఆనించి ఆన్ చేసి, మెల్లగా కావాల్సిన ఆంపియర్ల దాకా పెంచండి. మొదటిసారి 2 ఆంపియర్లు చాలు. చాలా మీటర్లు ఆ రేంజిలో పది పదిహేను సెకన్లకి మించి తట్టుకోవు కాబట్టి ఆగి ఆగి చేయండి. అయిపోగానే ఎర్ర పిన్నుని మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చాలి, మర్చిపోయి ఎక్కడైనా వోల్టులు కొలిస్తే అది షార్టే.

ఆ తర్వాత మెకానిక్ దగ్గర దొరికే కారు హెడ్‌లైట్ బల్బులు రెండు పక్కపక్కన కలిపి అవుట్‌పుట్‌కి పెట్టి ఒక గంట వదిలేయండి. బల్బులు మసక ఎరుపుగా వెలుగుతాయి, అది మామూలే. ఫ్యూజు హోల్డర్లు, తీగల కీళ్లు ముట్టుకుని చూడండి. ఏదైనా కీలు చేయి కాలేంత వేడిగా ఉంటే అక్కడ బిగింపు సరిగా లేదని అర్థం.

సెల్‌కి తగిలించడం

డబ్బాని సెల్‌కి కనీసం ఒక మీటరు దూరంలో, సెల్ కంటే కొంచెం ఎత్తులో పెట్టండి. ద్రావణంలోంచి వచ్చే నైట్రిక్ ఆమ్లం ఆవిరి నెలరోజుల్లో మాడ్యూల్ కాళ్లని పచ్చగా తినేస్తుంది. వెండి పలక పోసేటప్పుడే అదే వెండితో కొక్కెం వచ్చేలా చేసుకుంటే క్లిప్ ద్రావణానికి దూరంగా ఉంటుంది, రాగి క్లిప్ ఒక్క చుక్కలో తడిసినా ఆ రాగి మీ ద్రావణంలోకే వస్తుంది. ఎరుపు కల్తీ వెండికి, నలుపు స్టీలుకి. తిరగేస్తే మీ కల్తీ వెండి మీదే మంచి వెండి పేరుకుంటుంది.

చేతికి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే నల్లటి మచ్చ రోజుల తరబడి పోదు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ ద్రావణంలో అమ్మోనియా కలిపి ఎప్పుడూ నిలవ ఉంచొద్దు, అది పేలే పదార్థంగా మారుతుంది.

ఆన్ చేశాక ఆంపియర్లు స్థిరంగా ఉంటాయి, ఇక మీరు చూడాల్సింది వోల్టుల్ని. సెల్ లోపల ఏం జరుగుతోందో అవే చెప్తాయి. మెల్లగా తగ్గుతున్నాయంటే స్ఫటికాలు దగ్గరకొస్తున్నాయి. ఒక్కసారిగా ఒక వోల్టు కంటే కిందికి పడితే తాకేశాయి, ఆఫ్ చేసి ప్లాస్టిక్ పుల్లతో కిందికి రాల్చండి. వోల్టులు 3.3కి ఎక్కి ఆంపియర్లు పడిపోతుంటే పలక అరిగిపోయిందో, సంచి బురదతో మూసుకుపోయిందో, ద్రావణంలో వెండి తగ్గిందో చూడాలి. వోల్టుల హద్దుని పెంచి సరిపెట్టుకోవద్దు, ద్రావణంలో వెండి తగ్గిపోయినప్పుడు బలవంతంగా నెడితే వెండితో పాటు రాగి కూడా పేరుకుంటుంది.

వెండి ఎందుకు తగ్గుతుందంటే, పలకలోంచి రాగి కరిగినప్పుడు కూడా అవతల పేరుకునేది వెండే. ఒక గ్రాము రాగి కరిగితే ద్రావణంలోంచి 3.4 గ్రాముల వెండి లాక్కుంటుంది. పది శాతం రాగి ఉన్న పలకలైతే రెండు రోజుల్లోనే ద్రావణం ముదురు నీలం అయిపోతుంది, అందుకే అలాంటి వెండిని ముందు ఆమ్లంలో కరిగించి, అందులో రాగి రేకు వేసి వెండిని పొడిలా కిందికి దించుకుని, ఆ తర్వాతే సెల్‌లో పెట్టడం మేలు.

ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు నడిచిందో ఒక పుస్తకంలో రాసుకోండి. స్ఫటికాల్ని శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కడిగిన నీళ్లలో ఉప్పునీటి చుక్క వేస్తే తెల్లగా విరగకుండా ఉండే దాకా కడుగుతూ ఉండండి. ఆరాక తూకం వేసి, ఆంపియర్ గంటల్ని 4.02తో గుణించి పోల్చుకోండి. తూకం బాగా తక్కువ వస్తే మీరు చూడని టైమ్‌లో షార్ట్ అయి ఉంటుంది, వచ్చేసారి పలకల మధ్య ఇంకో రెండు సెంటీమీటర్లు ఎడం పెట్టండి.