అభిమాన హాస్యచిత్రాన్ని సంగీత నాటకంగా మలచడం: విశాఖ నాటక సమాజాలకు ఒక మార్గదర్శిని

ప్రేక్షకులు కంఠతా పట్టిన హాస్యచిత్రాన్ని వేదిక మీదికి తేవాలనుకున్నప్పుడు, పాటలు ఎవరు రాయాలి, నాయకుడి వేషం ఎవరికి ఇవ్వాలి అన్న ప్రశ్నలకు ముందే తేల్చుకోవలసినది ఒకటుంది. ఆ సినిమాలో నవ్వు ఎక్కడ పుడుతోంది? దీన్ని కనిపెట్టడానికి నమ్మదగిన పద్ధతి సినిమాను ఒకసారి శబ్దం పూర్తిగా ఆపి చూడటం, మరొకసారి తెర వైపు చూడకుండా కేవలం వినడం. శబ్దం లేకపోయినా నవ్వు వచ్చిన సన్నివేశాల బలం పరిస్థితిలోనో శరీరాభినయంలోనో ఉంటుంది. వింటేనే నవ్వు వచ్చినవాటి బలం మాటలో ఉంటుంది. ఈ రెండు రకాలూ కొద్దిపాటి మార్పులతో నాటకంలోకి వచ్చేస్తాయి. విడివిడిగా చూసినా విన్నా నవ్వు రాక, రెండూ కలిసినప్పుడు మాత్రమే నవ్వించే సన్నివేశాలు మూడో రకం. అక్కడ నవ్వును పుట్టించినది కెమెరా, ఎడిటింగ్. ఒకరు మాట్లాడుతుండగా వింటున్నవాడి ముఖాన్ని దగ్గరగా చూపడం, ఒక శపథం వినిపించిన మరుక్షణమే దానికి పూర్తిగా విరుద్ధమైన దృశ్యానికి కత్తిరించడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. వేదికకు క్లోజప్ లేదు, కత్తెర లేదు. కనుక ఈ మూడో రకం సన్నివేశాలను పాటతో తిరిగి నిర్మించాలి. సంగీత నాటకం రాసేవారి శ్రమలో పెద్ద భాగం ఇక్కడే ఖర్చవుతుంది, ఖర్చవ్వాలి కూడా.

రచన మొదలుపెట్టే ముందే హక్కుల సంగతి చూడాలి. చాలామంది నిర్మాత దగ్గర ఒక ఉత్తరం తీసుకుంటే చాలనుకుంటారు. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం సినిమా, కథ, మాటలు, పాటల సాహిత్యం, బాణీలు, శబ్దముద్రణ వేర్వేరు హక్కులకు లోబడిన రచనలు. ఉదాహరణకు 1984లో జంధ్యాల తీసిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’కు పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారం. నిర్మాణం ఉషాకిరణ్ మూవీస్‌ది, పాటలు వేటూరివి, సంగీతం రమేష్ నాయుడిది. అటువంటి చిత్రాన్ని నాటకం చేయదలచినవారు నవలకు, స్క్రీన్‌ప్లేకు, పాటలకు ఎవరెవరి అనుమతి కావాలో విడివిడిగా ఆరా తీయాలి. 1966 నాటి బెంగాలీ చిత్రం ‘నాయక్’ స్క్రీన్‌ప్లేను నవలగా మార్చే హక్కు నిర్మాతది కాదని, రచయిత అయిన సత్యజిత్ రాయ్ నుంచి సంక్రమించినవారిదని 2023లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఈ తీర్పు నాటకాలవారు తప్పక గుర్తుంచుకోవలసినది.

ఒప్పందం రాతపూర్వకంగా, సంతకాలతో ఉండాలి. చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం గడువు రాసుకోకపోతే అది ఐదేళ్లకే పరిమితమవుతుంది, ప్రాంతం రాసుకోకపోతే భారతదేశానికే వర్తిస్తుంది, ఏడాదిలోగా వినియోగించుకోని హక్కు, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, జారిపోతుంది. సంగీత నాటకం తయారు కావడానికి ఏడాది పట్టడం వింతేమీ కాదు గనుక ఈ చివరి అంశాన్ని ముందే సరిచూసుకోవాలి. సినిమా పాటల ప్రదర్శనకు, పాటల రచయితలు, స్వరకర్తల తరఫున హక్కులు చూసే సంస్థ ఐపీఆర్‌ఎస్ నుంచి తీసుకునే లైసెన్సు కథను నాటకీకరించే హక్కును ఇవ్వదు. పాత బాణీకి కొత్త సాహిత్యం రాయాలంటే దానికీ వేరుగా అనుమతి అడగాలి. ప్రవేశ రుసుము లేకుండా ఔత్సాహిక సమాజం ఇచ్చే ప్రదర్శనలకు 52వ సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఉన్న మాట నిజమే కానీ, అది ఉన్న రచనను ప్రదర్శించుకోవడానికి సంబంధించినది. సినిమాను కొత్త నాటకంగా తిరగరాయడానికి దాన్ని అండగా పెట్టుకోవడం క్షేమం కాదు.

అనుమతులు చేతికి వచ్చాక కథను రంగాలుగా విడగొట్టాలి. సినిమా కథ ఇంటి నుంచి ఆఫీసుకు, అక్కడి నుంచి గుడికి, రైల్వే స్టేషనుకు క్షణాల్లో తిరిగేస్తుంది. నాటకానికి మూడు నాలుగు స్థలాలకు మించి అవసరం లేదు. ఏ స్థలంలో అయితే ఒకరికొకరు ఎదురుపడకూడని పాత్రలు ఎదురుపడే అవకాశం ఎక్కువగా ఉంటుందో ఆ స్థలాన్ని ముఖ్య రంగస్థలంగా ఎన్నుకోవాలి. ఉమ్మడి వసారా ఉన్న ఇల్లు, అందరూ వచ్చిపోయే ఆఫీసు గది ఇందుకు బాగా పనికివస్తాయి. మిగిలిన చోట్లకు తెరలు చాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి సమాజాలు రాసిన తెరలతోనే అడవినీ అంతఃపురాన్నీ చూపించాయి. తెర మారుతున్న సమయాన్ని చీకటిలో వదిలేయకుండా ఒక చిన్న పాటకు అప్పగిస్తే కథ ఆగదు.

ఇక పాటల విషయం. సినిమాలోని పాటలన్నిటినీ వరుసగా తెచ్చి వేదిక మీద పాడించడం సంగీత నాటకం కాదు, అది పాటల కచేరీ అవుతుంది. తెలుగు సినిమాలో యుగళగీతం కథను కాసేపు ఆపి, నాయికా నాయకులను మరో లోకానికి తీసుకువెళుతుంది. నాటకంలో పాట ముగిసేసరికి కథ పాట మొదలైన చోట ఉండకూడదు. ఒక నిర్ణయం జరిగిపోవాలి, ఒక అబద్ధం బిగుసుకోవాలి, లేదా ఒక రహస్యం తెలియకూడని వ్యక్తికి తెలియాలి. కనుక సినిమాలో పాట ఉన్న చోట కాకుండా, పాత్ర పట్టుదల మాటల్లో ఇమడని చోట పాట పెట్టాలి. పిసినారి తండ్రి మొదటిసారి కనిపించినప్పుడు అతని పిసినారితనాన్ని చూపించే పది చిన్న సన్నివేశాలు సినిమాలో ఉండవచ్చు. నాటకంలో అవన్నీ కలిసి, అతను తన జీవిత సూత్రాన్ని గర్వంగా చాటుకునే ఒకే పాటగా మారాలి. హాస్యపాత్ర తనను తాను హాస్యపాత్ర అనుకోదు. ఆ పాటను అతను పూర్తి నమ్మకంతో పాడాలి.

న్యూయార్క్ బ్రాడ్వే రంగస్థలం మీద 2001లో వచ్చి 12 టోనీ పురస్కారాలు పొందిన ‘ది ప్రొడ్యూసర్స్’కు 1967 నాటి హాస్యచిత్రమే ఆధారం. సినిమాకు రచయిత మెల్ బ్రూక్స్, నాటకాన్నీ థామస్ మీహన్‌తో కలిసి అతనే రాశాడు. సినిమాకు తాను రాసిన రెండు పాటలను నిలుపుకుని, మిగిలినవి వేదిక కోసం కొత్తగా రాశాడు. తన సినిమాను తానే రాసి తీసిన మనిషి కూడా పాటలను మళ్లీ మొదటి నుంచి ఆలోచించాడంటే, మన సమాజాలు కూడా ఆ శ్రమను తప్పించుకోవాలని చూడకూడదని నా అభిప్రాయం.

హాస్యగీతం రాయడంలో తెలుగుకు కొన్ని సౌకర్యాలున్నాయి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది గనుక, అసలు సంగతిని పాదం చివరి మాట దాకా దాచవచ్చు. అయితే నవ్వు తెప్పించే మాట పడిన చోట రాగాన్ని సాగదీయకూడదు. మాట స్పష్టంగా పడి తెగాలి, తరవాత వాద్యం నడవాలి. ద్విత్వాక్షరాలు, హ్రస్వాలు ఎక్కువగా ఉన్న పాదాలు వేగంగా పాడినా చివరి వరుస దాకా అర్థమవుతాయి. పొడుగాటి సంస్కృత సమాసాలు వేగంలో కలిసిపోతాయి, వాటిని బడాయి పాత్రకు మాత్రమే ఇవ్వాలి. పద్యనాటకం ఫక్కీలో రాగం తీసి అల్పమైన విషయం మీద పద్యం చదివించడం ఇప్పటికీ చక్కగా నవ్విస్తుంది. చాకిరీ తప్పించుకునే అల్లుడు సెలవు చీటీని రాయబారం స్థాయిలో చదివితే పద్యం తెలిసిన పెద్దలూ తెలియని పిల్లలూ కలిసి నవ్వుతారు.

మొదట చెప్పిన మూడో రకం సన్నివేశాలకు బుర్రకథ పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది. కథకుడికి అటూ ఇటూ నిలిచే వంతల్లో ఒకరు హాస్యం, ఒకరు లోకం సంగతులు చెప్పే ఏర్పాటు మనకు సిద్ధంగా ఉంది. సినిమాలో క్లోజప్ చేసే పనిని ఈ ఇద్దరూ చేయగలరు. నాయకుడు అబద్ధం చెప్పి తల పక్కకు తిప్పిన క్షణంలో మిగిలినవారంతా కదలకుండా నిలిచిపోయి, అతని లోపలి కంగారును వంతలు రెండు పాదాల్లో పాడితే ప్రేక్షకుడి చూపు సరిగ్గా ఆ ముఖం మీదికే వెళుతుంది. అయితే ఈ ప్రయోగాన్ని పొదుపుగా వాడాలి, ప్రతి నవ్వునూ వంతలు వివరించకూడదు.

ప్రసిద్ధ సంభాషణల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. నటుడు నోరు విప్పకముందే వెనుక వరుసలోని ప్రేక్షకుడు ఆ మాటను పూర్తి చేస్తాడు. అటువంటివాటిలో నాలుగైదింటిని మాత్రమే ఉంచి, వాటిలో ఒకటి రెండు ఊహించని చోటికి మార్చాలి. ఎప్పుడూ ఆ మాట అనే తండ్రి కాకుండా అన్నేళ్లూ భరించిన తల్లి ఒకసారి అదే మాట తండ్రితో అంటే, తెలిసిన మాటే కొత్త బలంతో వినిపిస్తుంది. నటీనటుల ఎంపికలోనూ ఇదే దృష్టి ఉండాలి. సినిమాలోని నటుడి గొంతును అనుకరించేవారు మొదటి ఐదు నిమిషాలు చప్పట్లు కొట్టించుకుంటారు గానీ రెండు గంటలు పాత్రను మోయలేరు. శ్రుతి కొంచెం తప్పినా మాట తేటగా, కాలం కచ్చితంగా పలికే నటుడినే హాస్యపాత్రకు తీసుకోవాలి. నాయికకు మాత్రం మంచి గాత్రం తప్పనిసరి.

వాద్యబృందం ప్రత్యక్షంగా ఉండాలని గట్టిగా చెబుతాను. ముందే రికార్డు చేసిన ట్రాకు నవ్వు కోసం ఆగదు. సభ నవ్వుతుండగానే తరవాతి పాదం వెళ్లిపోయి, అందులోని హాస్యం వృథా అవుతుంది. పద్యనాటకాల్లో హార్మోనిస్టు నటుడి ఊపిరిని కనిపెట్టి వాయించేవాడు. ఆ నైపుణ్యమే ఇక్కడ కావాలి. నవ్వు తగ్గేదాకా అదే చిన్న వరుసను తిప్పి తిప్పి వాయించి, నటుడి కనుసైగతో ముందుకు కదలాలి. హార్మోనియం లేదా కీబోర్డు, తబలా, ఢోలక్, వయొలిన్, క్లారినెట్ ఉంటే చాలు. విశాఖ సముద్రపు తేమకు తబలా చర్మం సడలి శ్రుతి దిగిపోతుంది గనుక, విరామంలో మళ్లీ శ్రుతి చేసుకోవడానికి సమయం కేటాయించాలి. అంటించిన మీసాలు, విగ్గులు చెమటకు ఊడే ప్రమాదాన్నీ ముందే చూసుకోవాలి.

వేదిక విషయానికి వస్తే, కళాభారతి, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వంటివి నగరంలో అందరికీ పరిచయమే. అద్దె కంటే ముందు మైకుల సంగతి, పక్క తెరల వెనుక ఖాళీ, వాద్యబృందం నటులకు కనబడేలా కూర్చునే వీలు చూడాలి. ఆరుబయట వేయదలచుకుంటే తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలను వదిలేయడం మంచిది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ ఈ ఊరికి బాగా గుర్తు. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం ఆరుబయట రాత్రి 10 గంటల తరవాత లౌడ్‌స్పీకర్లు వాడరాదు కాబట్టి ఆ లోపే ముగిసేలా ప్రారంభ సమయం పెట్టుకోవాలి.

కథను విశాఖకు మార్చాలనుకోవడం సహజం. పూర్ణా మార్కెట్, జగదాంబ కూడలి, ఉక్కునగరం క్వార్టర్లు వేదిక మీద వినిపిస్తే సభ కదులుతుంది. ఆ మార్పుకు ఒప్పందంలో చోటు ఉండాలి. ఉత్తరాంధ్ర యాసను పనివాడి పాత్రకు అంటగట్టి నవ్వించడం మాత్రం నాకు సమ్మతం కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో గురజాడ ప్రతి పాత్రకూ దాని మాటతీరు ఇచ్చారు. నవ్వు ఆ మనుషుల కపటం నుంచి పుట్టింది. యాస నాయకుడికీ నాయికకూ కూడా ఉండనివ్వండి.

టికెట్టు ప్రదర్శనకు ముందు సినిమా చూడనివారిని కొందరిని పిలిచి పూర్తి ప్రదర్శన ఇవ్వాలి. ఒకరు రాతప్రతి పట్టుకుని, ఎక్కడ నవ్వారు, ఎక్కడ నవ్వాలని మనం ఆగినా నవ్వలేదు, ఎక్కడ కుర్చీల్లో కదిలారు అన్నది అంచున గుర్తు పెట్టాలి. సినిమా తెలిసినవారు మాత్రమే నవ్విన చోట్లు ఇంకా నాటకంగా మారలేదని అర్థం, వాటిని తిరగరాయాలి. విరామంతో కలిపి రెండున్నర గంటలు దాటితే, ఎంత ఇష్టమైన పాటైనా కథను కదపనిదాన్ని తీసేయాలి. అలా తొలగించిన సినిమా పాట ప్రేక్షకులకు మరీ ప్రియమైనదైతే, అనుమతి ఉన్నంత మేరకు, నటులందరూ వందనం చేసే చివరి నిమిషాల్లో దాన్ని సభతో కలిసి పాడించవచ్చు.