దించిన స్పోర్ట్స్ కారు: ఒళ్ళు నొప్పులు లేకుండా, టైరు తినకుండా సస్పెన్షన్ సెట్ చేయడం ఎలా?

కారును దించడం ఒక పూట పని. దించినదాన్ని సరిగ్గా కూర్చోబెట్టడానికే ఓపిక కావాలి. కడపలో నా దగ్గరికి వచ్చే కార్లలో చాలావాటికి ఆ రెండో పని ఎవరూ చేసి ఉండరు. "అన్నా, శానా గట్టిగా కొడ్తాంది" అని ఒకరు వస్తారు. "కొత్త టైర్లన్నా, లోపలి అంచున అప్పుడే తీగ తేలింది" అని ఇంకొకరు. మొదటివాళ్ళు స్ప్రింగును తిడతారు, రెండోవాళ్ళు క్యాంబర్‌ను (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండడం) తిడతారు. కారు గట్టిగా కొట్టడానికి చాలాసార్లు కారణం షాకబ్జర్ ఆట (నొక్కుకోవడానికి ఉండే చోటు) అయిపోయి బంప్ స్టాప్ (చివర అడ్డుండే రబ్బరు ముక్క) మీద నడవడం. టైరు పోవడానికి చాలాసార్లు కారణం టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం. ఈ రెండూ సరి చేస్తే అదే స్ప్రింగు, అదే టైరు వేరే కారులాగా నడుస్తాయి.

ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి వచ్చే సెట్లు) వేసిన కారును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పొట్టి స్ప్రింగులు మాత్రమే వేసినవాళ్ళకు ఎత్తు మార్చడం, క్లిక్కులు (షాకబ్జర్ గట్టిదనం మార్చే నాబ్) వర్తించవు, మిగతాదంతా వర్తిస్తుంది. స్ప్రింగు చుట్లు కోయించినవాళ్ళు ముందు వాటిని తీసి పారేయండి. కోసిన స్ప్రింగు దాని సీటులో సరిగా కూర్చోదు, చక్రం గాల్లో వేలాడినప్పుడు పక్కకు జరుగుతుంది. అలాంటి కారుకు నేను అలైన్‌మెంట్ చెయ్యను.

ఇంకో మాట. తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కింద ఆంక్షలున్నాయి. పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర కనుక్కోండి.

సామాను

జాకీ, నాలుగు స్టాండ్లు (ఇటుకలు పెట్టొద్దు), కాయిలోవర్‌తో వచ్చే కొక్కెం పానా, టార్క్ రెంచి, స్టీలు స్కేలు, సన్నటి నైలాన్ దారం, వంకర లేని అల్యూమినియం పైపులు రెండు, కేబుల్ టైలు, నున్నటి ఫ్లోర్ టైల్స్ ఎనిమిది, గ్రీజు.

నేల మట్టంగా ఉండాలి. కడప బండలు పరిచిన షెడ్డు చూడ్డానికి మట్టంగానే ఉంటుంది కానీ, నీళ్ళు జారిపోవడానికి మేస్త్రీ వాటం ఇచ్చే ఉంటాడు. సన్నటి ప్లాస్టిక్ ట్యూబులో నీళ్ళు నింపి నాలుగు చక్రాల చోటా మట్టం చూడండి. తక్కువున్న చోట పలక పెట్టి ఎత్తు చేయండి. 3 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ నేల పనికిరాదు.

1. అరిగినవి ముందు మార్చండి

బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, లింక్ రాడ్లు, టాప్ మౌంట్ బేరింగులు ఊపి చూడండి. వదులుగా ఊగేది మార్చండి. వదులుగా ఉన్న కీలు మీద కొలత నిలవదు. టైర్లలో గాలి పొద్దున్నే, కారు నడవక ముందు, కంపెనీ స్టిక్కరు ప్రకారం నింపండి. మే నెల మధ్యాహ్నం ఎండలో నింపితే తెల్లారేసరికి తక్కువైపోతుంది. వేడి 5, 6 డిగ్రీలు మారితే సుమారు 1 పీఎస్ఐ మారుతుంది.

2. ఎత్తు

ఒరిజినల్ కంటే 25 మి.మీ. దించండి, అంతకు మించి వద్దు. మా దారుల మీద ఇదే నియమం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్ళ ముందు మనవాళ్ళు వేసుకునేవి అంతే ఎత్తు, అందులో పావు వెడల్పు.

25 దగ్గరే ఆపడానికి ఇంకో కారణం లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కింద నుంచి కారుకు కలిపే చేయి. అది నేలకు సమాంతరంగా గానీ, చక్రం వైపు కొంచెం కిందికి వాలి గానీ ఉండాలి. చక్రం వైపు కొస పైకి లేచిందంటే రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాగా కిందికి పోతుంది, కారు మలుపుల్లో ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. ఒరుగుతోందని ఇంకా గట్టి స్ప్రింగు వేస్తారు. అక్కడితో సుఖం పోయినట్టే.

కొలత నేల నుంచి తీయొద్దు. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి. కొలిచేటప్పుడు ట్యాంకు సగం ఉండాలి, డ్రైవర్ సీట్లో బరువు ఉండాలి. 50 కిలోల సిమెంటు మూట, దాని మీద 20 లీటర్ల నీళ్ళ క్యాన్ పెడితే 70 కిలోలు సరిపోతుంది. కుడి ఎడమల తేడా 5 మి.మీ. లోపు ఉండాలి.

స్ప్రింగు కింది రింగును బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. మామూలు స్ప్రింగులో గట్టిదనం మారదు, కారు ఎత్తు మాత్రం మారుతుంది. మీ కాయిలోవర్‌కు కింద ఎత్తు కోసం విడిగా బ్రాకెట్టు ఉంటే ఎత్తు దానితోనే మార్చండి, స్ప్రింగు రింగును ముట్టుకోవద్దు. ఒకే రింగు ఉన్న రకమైతే, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్ప్రింగు వదులు కాకుండా చూసుకోండి.

3. షాకబ్జర్‌కు ఆట మిగిలిందా?

షాకబ్జర్ రాడ్డుకు ఒక కేబుల్ టై గట్టిగా బిగించి, కిందికంటా జరిపి, లారీలు తిరిగే దారిలో ఒకసారి నడపండి. మాకైతే ఎర్రగుంట్ల దారి ఉంది. సిమెంటు లారీలు చక్రాల జాడలో రోడ్డును నొక్కేసి ఉంటాయి. తిరిగొచ్చాక టై ఎక్కడిదాకా పోయిందో చూడండి. కారు నిలబడి ఉన్నప్పుడు బంప్ స్టాప్ తగలడానికి కనీసం 40 మి.మీ. ఖాళీ ఉండాలి. పెద్ద గుంతలో టై బంప్ స్టాప్‌ను నొక్కితే పరవాలేదు. మామూలు రోడ్డు మీదే నొక్కేస్తుంటే ఎత్తు 5 మి.మీ. పెంచండి. ఈ ఒక్క మార్పుతో "శానా గట్టిగా కొడ్తాంది" అన్న కార్లు చాలావరకు దారికొస్తాయి.

4. బుష్‌ల బోల్టులు

లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులను కారు గాల్లో ఉండగా బిగించొద్దు. ఆ బుష్‌లో లోపలి గొట్టం రబ్బరుకు అతికి ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దించిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది. కారు కావలసినంత కిందికి కూర్చోదు, గతుకు గతుకుకూ గట్టిగా కొడుతుంది, కొన్నాళ్ళకు బుష్ చీలిపోతుంది. బోల్టులు వదులు చేసి, కారును చక్రాల మీద నిలబెట్టి, నాలుగు మూలలా నొక్కి ఊపి, పిట్‌లోకి దిగి టార్క్ రెంచితో బిగించండి. పిట్ లేకపోతే ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రాన్ని నడిచే ఎత్తుకు లేపి బిగించండి.

5. క్యాంబర్

ముందు మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీలు, వెనక మైనస్ 1.5 (మైనస్ అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం). రెండు పక్కలా తేడా అర డిగ్రీ లోపు. ఇంతే. దీని గురించి గంటల తరబడి వాదించుకోవడం అనవసరం.

6. టో: ఇక్కడ మాత్రం నిదానించండి

టైరు లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్ అంటారు. మైనస్ 1.5 డిగ్రీల క్యాంబర్ ఒక్కటే ఉంటే టైరు తన వయసంతా నడుస్తుంది. క్యాంబర్ బరువును లోపలి అంచు మీదికి తోస్తుంది, టో ఆ అంచును రోడ్డు మీద అడ్డంగా ఈడుస్తుంది. చంపేది ఆ ఈడ్పు. 16 అంగుళాల చక్రానికి రిమ్ ముందంచుకూ వెనకంచుకూ 1 మి.మీ. తేడా ఉంటే, ఆ చక్రం కిలోమీటరుకు రెండు మీటర్ల పైగా అడ్డంగా జారుతున్నట్టు. 3 మి.మీ. తేడాతో ఇక్కడి నుంచి తిరుపతికి, అంటే దాదాపు 140 కిలోమీటర్లు వెళ్తే, ఆ టైరును దాదాపు కిలోమీటరు దూరం పక్కకు ఈడ్చుకుపోయినట్టే. అరచేత్తో టైరును అడ్డంగా నిమిరి చూడండి. ఒక దిక్కున నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు గరుకుగా తగిలితే అది టో పనే.

ఎత్తు మారితే టో మారుతుంది. 5 మి.మీ. మార్చినా మారుతుంది. అందుకే ఇది ఎత్తు, బుష్‌లు, క్యాంబర్ అన్నీ అయ్యాకే చేయాలి. అలైన్‌మెంట్ చేయించి వచ్చి, ఇంటి దగ్గర రింగు రెండు చుట్లు తిప్పేవాళ్ళు ఆ డబ్బు కాలవలో వేసినట్టే.

పద్ధతి ఇది. నాలుగు చక్రాల కిందా రెండేసి టైల్స్, నున్నటి ముఖాలు ఎదురెదురుగా, మధ్యలో గ్రీజు. టైరు రోడ్డును పట్టుకుని ఉంటే మీరు టై రాడ్డు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపేది) తిప్పినా చక్రం పూర్తిగా తిరగదు, కొలత అబద్ధం చెబుతుంది. పైపులు రెండింటికీ రెండు కొసల్లో ఒకే దూరంలో గాట్లు పెట్టుకోండి. ఒకటి కారు ముందు, ఒకటి వెనక, చక్రం మధ్య ఎత్తులో నిలిపి, గాట్లలో దారాలు బిగించి కట్టండి. గాట్ల దూరం ఒకటే కాబట్టి దారాలు సమాంతరంగా ఉంటాయి. ఇప్పుడు పైపులను జరుపుతూ, ముందు చక్రాల మధ్య నుంచి దారానికి దూరం కుడి ఎడమలా సమానం చేయండి, వెనక చక్రాలకూ అలాగే. ముందు కొలత, వెనక కొలత ఒకటే కానక్కర్లేదు. స్టీరింగ్‌ను నిటారుగా పెట్టి సీటుకు తాడుతో కట్టేయండి.

దారం నుంచి రిమ్ ముందంచుకూ వెనకంచుకూ కొలవండి. టైరుకు కాదు, రిమ్‌కు. ముందంచు దారానికి ఎక్కువ దూరంగా ఉంటే చక్రం లోపలికి చూస్తున్నట్టు. మన రోడ్ల మీద వంగని రిమ్ దొరకడం కష్టం. అందుకే ఒకసారి కొలిచి, చక్రాన్ని అరచుట్టు దొర్లించి మళ్ళీ కొలిచి, రెండింటి సగటు తీసుకోండి. ఈ పని మానేస్తే వంగిన రిమ్‌ను టో అనుకుని సరిచేస్తారు.

వెనకతోనే మొదలుపెట్టండి. వెనక చక్రాలు ఒక పక్కకు చూస్తుంటే కారు ముక్కు రెండో పక్కకు తిరుగుతుంది, దాన్ని సరిపెట్టడానికి మీరు స్టీరింగ్ వంకర పట్టుకుంటారు, ముందు ఎంత సెట్ చేసినా వృథా. వెనక రెండు చక్రాలూ కలిపి 2 మి.మీ. లోపలికి, అదీ చెరి సగం. బయటికి అసలు ఉండకూడదు. తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక భాగం తిరిగిపోతుంది. మల్టీ లింక్ (ఒక్కో చక్రానికి విడిగా కొన్ని కడ్డీలు) ఉన్న కార్లకు ఎక్సెంట్రిక్ బోల్టు (తిప్పితే చక్రం కోణం మారేది) ఉంటుంది. పోలో లాంటి బీమ్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఒకే దూలం) ఉన్న కార్లకు సర్దుబాటు లేదు, స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే పొట్టి ఇరుసు) వెనక షిమ్ములు (పల్చటి రేకులు) వేయాలి.

ముందు రెండూ కలిపి 1 మి.మీ. లోపలికి. టై రాడ్ లాక్ నట్టు వదులు చేయండి, స్టీరింగ్ ర్యాక్ రబ్బరు తొడుగు క్లిప్పు కూడా తీయండి, లేకపోతే రాడ్డుతో పాటు తొడుగు మెలిపడి చిరుగుతుంది. ర్యాక్ చక్రం ఇరుసుకు వెనక ఉన్న కార్లలో రాడ్డును పొడవు చేస్తే చక్రం లోపలికి చూస్తుంది. ర్యాక్ ముందు ఉంటే దీనికి తలకిందులు. బోల్టు ముట్టుకునే ముందు వంగి చూసి ఏదో తేల్చుకోండి. పావు చుట్టు తిప్పితే చాలా కార్లలో రిమ్ దగ్గర సుమారు 1 మి.మీ. మారుతుంది. రెండు పక్కలా సమానంగా తిప్పండి, లేకపోతే నేరుగా పోతుంటే స్టీరింగ్ వంకరగా ఉంటుంది.

తిప్పాక బంపర్ నొక్కి ఊపండి, మళ్ళీ కొలవండి. లాక్ నట్టు బిగించేటప్పుడు టై రాడ్ ఎండ్‌ను ఇంకో పానాతో పట్టుకోండి. నట్టు బిగుస్తూ రాడ్డును తనతో తిప్పుకుంటుంది, ఇంతసేపు చేసిందంతా ఆ ఒక్క లాగుడులో పోతుంది. బిగించాక ఇంకోసారి కొలవండి. ఈ చివరి కొలతే లెక్క, ముందువేవీ లెక్క కాదు.

మిషన్ ఉండగా ఈ దారాల గోల ఎందుకని అడుగుతారు. మిషన్ మంచిదే. అందులో ఉండే కొలతలు ఒరిజినల్ ఎత్తు కారుకు ఇచ్చినవి, పచ్చరంగు హద్దులు వెడల్పు. రెండు చక్రాలూ హద్దుకు చెరో చివర ఉన్నా తెరమీద అంతా పచ్చగానే కనిపిస్తుంది. మీరు షాపుకే పోతే పచ్చరంగు చూసి లేవొద్దు, అంకెలు అడగండి, సీట్లో బరువు పెట్టించండి. 16 అంగుళాలకు 1 మి.మీ. అంటే దాదాపు 8 నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం). క్లాంపులు తగిలించాక కారును ముందుకూ వెనక్కీ నెట్టకుండా అంకెలు చదివే షాపు నుంచి కారు బయటికి తీసుకురండి. రిమ్ వంకర లెక్కలోకి వచ్చేది ఆ నెట్టడంలోనే.

7. క్లిక్కులు

నాబ్‌ను పూర్తిగా గట్టి వైపు మూసి, అక్కడి నుంచి లెక్కపెడుతూ సగానికి తెరవండి. వెనక ముందుకంటే రెండు క్లిక్కులు మెత్తగా. ఒకసారికి రెండు క్లిక్కులే మార్చండి, ముందూ వెనకా ఒకేసారి మార్చొద్దు. వరస గతుకుల మీద కారు పోనుపోనూ కిందికి దిగి గట్టిపడుతుంటే రీబౌండ్ (స్ప్రింగు తిరిగి చాచుకోవడాన్ని షాకబ్జర్ ఆపే బలం) ఎక్కువైంది, చక్రం తిరిగి దిగేలోపే ఇంకో గతుకు వస్తోంది. మెత్త చేయండి. స్పీడ్ బ్రేకరు దిగాక కారు ఒకసారి లేచి ఆగాలి. రెండోసారి కూడా ఊగితే రెండు క్లిక్కులు బిగించండి.

నేను గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగి చూస్తాను, మలుపూ గతుకూ ఒకేచోట తగులుతాయి. ఎక్కేముందు హెడ్‌లైట్ల ఎత్తు సరిచేసుకోండి, కారు దిగితే వెలుగూ దగ్గరే పడుతుంది. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఎక్కడా లాగకుండా, రాసుకోకుండా చూడండి. 500 కిలోమీటర్లు నడిచాక స్ప్రింగులు సర్దుకుని ఉంటాయి. ఎత్తు కొలవండి, మారి ఉంటే టో మళ్ళీ మొదటి నుంచి.