ఉద్గారాల తగ్గుదలలో విధానం వాటాను తేల్చడం ఎలా?

ఒక దేశపు వాతావరణ విధానం ఫలించిందో లేదో తేల్చాలంటే, ఒక్క ఏడాది అంకెను పట్టుకోకుండా కనీసం రెండు దశాబ్దాల ఉద్గారాల (భూమిని వేడెక్కించే వాయువుల విడుదల) లెక్కలు ముందు పెట్టుకుని, తగ్గుదల ఎప్పుడు వేగం అందుకుందో గుర్తించండి. 2020లో కోవిడ్ వల్ల వచ్చిన తగ్గుదలను మాత్రం విధానం ఖాతాలో వేయకండి.

బ్రిటన్‌నే తీసుకోండి. 1990లలో అక్కడి విద్యుత్ కేంద్రాలు బొగ్గు నుంచి సహజ వాయువుకు మళ్లడం ఉద్గారాలను బాగా తగ్గించింది గనుక, ఆ ఘనతను 2008 నాటి వాతావరణ మార్పు చట్టానికి కట్టబెట్టలేం. అయితే 2013లో విద్యుదుత్పత్తికి వాడే ఇంధనాలపై కనీస కార్బన్ ధర (వెలువడే కార్బన్‌కు చెల్లించాల్సిన కనీస రుసుము) విధించాక, అంతకు ముందటి ఏడాది విద్యుత్తులో దాదాపు 40 శాతం ఉన్న బొగ్గు వాటా 2020 నాటికి సుమారు 2 శాతానికి పడిపోయింది. 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు కేంద్రమైన రాట్‌క్లిఫ్ మూతపడింది. పవన విద్యుత్తు తోడైనా, ఇక్కడ విధానం ప్రభావం కాదనలేనిది.

దిగుమతి వస్తువుల తయారీలో వెలువడిన ఉద్గారాలనూ తప్పక కలపండి. అలా చూస్తే బ్రిటన్ తగ్గుదల దేశీయ లెక్కలో కనిపించినంత ఉండదు.