ఇంట్లో మిరప, వంకాయ నారు పోస్తున్నారా? లైటు, నల్ల ఈగల సంగతి చూసుకోండి

న్యూజెర్సీ లాంటి చలి ఊళ్ళలో మంచు భయం పోయేసరికి మే నెల సగం అవుతుంది. అందుకే మిరప, వంకాయ నారు మార్చి మొదట్లోనే ఇంట్లో పోసుకోవాలి. కిటికీ వెలుగు మాత్రం నమ్ముకోకండి. మొదటి ఏడాది నా మొలకలు దారప్పోగుల్లా సాగి, అద్దం వైపు ఒరిగి, నడుం విరిగి పడిపోయాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంది.

మొక్కల కోసమని అమ్మే ఊదారంగు గ్రో లైట్లే కావాలని లేదు. గ్యారేజీల్లో పెట్టే పొడుగాటి తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు, 5000 నుంచి 6500 కెల్విన్‌ది (కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత, ఇది పగటి వెలుగు లాంటి తెలుపు), నారుకి చాలు. మొలకలకి నాలుగైదు అంగుళాల ఎత్తులో వేలాడదీసి, మొక్క పెరిగే కొద్దీ పైకి జరపండి. టైమర్ పెట్టి రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగించండి. రాత్రి చీకటి ఉండాలి.

ఇక పురుగుల్లో అసలు టెన్షన్ కుండీ చుట్టూ ముసిరే చిన్న నల్ల ఈగలతోనే. పై మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అక్కడే గుడ్లు పెడతాయి, వాటి పిల్లపురుగులు లేత వేళ్ళు కొరికేస్తాయి. పైనుంచి నీళ్ళు పోయకండి. ట్రేలో పోసి, అడుగు నుంచి పీల్చుకోనిచ్చి, అరగంటకి మిగిలినవి పారబోయండి. పై మట్టి వేలికి పొడిగా తగిలాకే మళ్ళీ నీళ్ళు. పక్కనే పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చితే ఎగిరేవి అంటుకుంటాయి. చిన్న ఫ్యాను మెల్లగా తిప్పితే కాండం గట్టిపడుతుంది, నారుకుళ్ళు కూడా తగ్గుతుంది.

బయట నుంచి తెచ్చిన కరివేపాకు కుండీని మాత్రం నారు పక్కన పెట్టకండి. ఆకుల అడుగున మొక్కల రసం పీల్చే సన్న నల్లి (స్పైడర్ మైట్) ఉంటే రెండు వారాల్లో అన్నిటికీ పాకుతుంది.