కొత్త కాయిల్ పెట్టాక పది నిమిషాలు ఆగండి: యూకే వచ్చి సిగరెట్ నుంచి వేప్‌కి మారినవాళ్లకు

వేప్ అంటే ఈ-సిగరెట్, పాడ్ అంటే దాని పైన బిగించే, లిక్విడ్ పోసే చిన్న డబ్బా, కాయిల్ అంటే లోపల వేడెక్కే తీగ. కొత్త పాడ్ బిగించి, లిక్విడ్ పోసి, వెంటనే నోట్లో పెట్టుకోకండి. కింద రాసినదంతా మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

మొన్న మా షేరింగ్ ఇంట్లో ఒక అబ్బాయి దిగాడు. మాస్టర్స్ చేయడానికి వచ్చాడు. ఇక్కడ సిగరెట్ ప్యాకెట్ 15 పౌండ్లు దాటిందని చూసి బెంబేలెత్తిపోయి వేప్ కొన్నాడు. మంచి పనే చేశాడు. కానీ షాపు బయటే ప్లాస్టిక్ విప్పి, లిక్విడ్ నింపి, బస్‌స్టాప్‌కి నడుస్తూనే పీల్చాడు. ఇంటికి వచ్చేసరికి ఒకటే దగ్గు. "అన్నా, దీనికంటే బీడీ నయం" అన్నాడు. ఆ సాయంత్రమే మళ్లీ సిగరెట్ ప్యాకెట్ కొనుక్కొచ్చుకున్నాడు.

ఆ పాడ్ తీసి లైటు కింద పెట్టి చూశాను. పక్కనున్న చిన్న రంధ్రంలో దూది కనిపిస్తుంది కదా, అది ఒక అంచున మాత్రమే తడిసింది. లోపలివైపు తీగ ఆనుకున్న చోట గోధుమరంగు తిరిగింది. మిగతాది తెల్లగా, పొడిగా, ఫ్యాక్టరీలో పెట్టినట్టే ఉంది. లిక్విడ్ ట్యాంకు నిండా ఉంది. దూదిలోకి దిగే టైమే అతను ఇవ్వలేదు.

నన్ను బాధపెట్టేది పాడైన పాడ్ కాదు, అది మూడు నాలుగు పౌండ్ల వస్తువు. సిగరెట్ మానాలని గట్టిగా అనుకున్న మనిషి ఒక మాడు పఫ్ వల్ల వెనక్కి వెళ్లిపోయాడు, అదీ బాధ. ఇలా వెనక్కి వెళ్లినవాళ్లను ఈస్ట్ హామ్‌లో, లెస్టర్‌లో చాలామందిని చూశాను.

మనవాళ్లకే ఇది ఎక్కువగా ఎందుకు జరుగుతుందో చెప్తాను. ఇండియాలో 2019లోనే ఈ-సిగరెట్లను నిషేధించారు. హైదరాబాద్‌లో దొంగచాటుగా దొరికేవి ఎక్కువగా వాడి పారేసే రకం. కాయిల్ అనేది ఒకటి ఉంటుందని, దాన్ని మార్చాలని చెప్పే షాపు మనకు లేదు. ఇక్కడ కూడా కొన్నాళ్ల క్రితం వరకు అందరూ ఆ రకమే వాడేవాళ్లు. 2025 జూన్ 1 నుంచి సింగిల్ యూజ్ వేప్‌ల అమ్మకం యూకే అంతటా ఆగిపోయింది. ఇప్పుడు చట్టప్రకారం అమ్మేవి చార్జింగ్ పెట్టుకోగలగాలి, మళ్లీ నింపుకోగలగాలి, కాయిల్ గానీ, అది ఉన్న పాడ్ గానీ విడిగా మార్చుకోగలగాలి. చూడ్డానికి మాత్రం కొన్ని అచ్చం పాత వాటిలాగే ఉంటాయి. అందుకే కొందరు పాడ్ మాడగానే మొత్తం వస్తువునే చెత్తబుట్టలో వేసేస్తున్నారు. వేయకండి. పైన ఉన్న పాడ్ లాగితే ఊడి వస్తుంది, అది ఒక్కటే కొనుక్కోవచ్చు. పాత వేప్‌లు, పాడ్‌లు కూడా చెత్తలో వేయొద్దు, వేప్ అమ్మే షాపులు వాటిని వెనక్కి తీసుకోవాలి, అడిగి ఇచ్చేయండి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. మీకు సిగరెట్ అలవాటే లేకపోతే ఇది మీకోసం రాసింది కాదు. ఫ్రెండ్స్ అందరూ పీలుస్తున్నారని మొదలుపెట్టకండి. సిగరెట్‌తో పోలిస్తే వేప్ హాని చాలా తక్కువని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెప్తుంది, హాని లేదని మాత్రం చెప్పదు.

ఇక అసలు విషయం. కాయిల్ అంటే సన్నటి తీగ, లేదా జల్లెడ లాంటి లోహపు రేకు. దాని చుట్టూ దూది. దూది లిక్విడ్‌ని పీల్చుకుని తీగ దగ్గరికి తెస్తుంది, తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. దూది తడిగా ఉన్నంతసేపు ఆ వేడి అంతా లిక్విడ్‌ని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి లేని చోట వేడి నేరుగా దూదిని కాలుస్తుంది. అంతే, ఇంకే రహస్యమూ లేదు. మూకుడులో నూనె మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు వస్తుంది చూడండి, అందులో ఉండే అక్రోలీన్ అనే రసాయనమే లిక్విడ్‌లోని గ్లిజరిన్ మాడినప్పుడూ పుడుతుంది. అందుకే ఆ పఫ్‌కి గొంతు అంతలా పట్టేస్తుంది. ఒకసారి మాడిన దూది మళ్లీ మామూలు కాదు. "రెండు పఫ్‌లు లాగితే పోతుందిలే" అని ఎవరైనా అంటే నమ్మకండి. పోదు. కడిగినా పోదు. మార్చేయడమే.

కాబట్టి ఆగండి. కాయిల్ విడిగా వచ్చే రకమైతే, బిగించే ముందే పక్క రంధ్రాల్లో కనిపించే దూది మీద రెండు మూడు చుక్కలు వేయండి. తెల్లగా ఉన్న దూది ఆ చుక్క పడగానే కాస్త పారదర్శకంగా మారుతుంది, అది కంటికి కనిపిస్తుంది. అన్ని రంధ్రాల్లోనూ అలా మారేదాకా వేసి, బిగించి, ట్యాంకు నింపి, నిలువుగా పెట్టి పది నిమిషాలు వదిలేయండి. కాయిల్ పాడ్‌లోనే కలిసి ఉండే రకమైతే చుక్కలు వేసే వీలుండదు, కాబట్టి పదిహేను నిమిషాలు ఉంచండి. బటన్ ఉన్న వేప్ అయితే బటన్ నొక్కకుండా నాలుగైదు సార్లు మెల్లగా పీలిస్తే లిక్విడ్ లోపలికి త్వరగా దిగుతుంది. బటన్ లేకుండా పీలిస్తేనే వెలిగే రకంతో ఆ పని చేయకూడదు. పీల్చగానే వేడెక్కి మాడుతుంది. ఈ తేడా తెలియకుండా వీడియో చూసి చేసి, పాడ్ మాడ్చుకుని, నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

పది నిమిషాలు అంటే పది నిమిషాలే. "అయిదు చాలదా అన్నా?" అని అడుగుతారు. ఎండాకాలంలో, పల్చటి లిక్విడ్‌తో చాలొచ్చు. జనవరిలో చాలదు.

నేను వచ్చింది చలికాలంలో. నైట్ షిఫ్ట్ వేర్‌హౌస్ పని. వేప్ జాకెట్ బయట జేబులో ఉండేది. బ్రేక్‌లో బయటికొచ్చి లాగితే మొదటి పఫ్ బాగుండేది, మూడోది మాడేది. కాయిల్ మీద కాయిల్ మార్చాను, అదే కథ. ఆ మొదటి నెలల్లో సిగరెట్ మానడం కంటే ఈ మాడు వాసనతోనే ఎక్కువ టెన్షన్ పడ్డాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. షాపులో నా చిన్న పాడ్‌కి 70 శాతం గ్లిజరిన్ ఉన్న చిక్కటి లిక్విడ్ ఇచ్చారు. అది పెద్ద పొగ వచ్చే ట్యాంకుల కోసం చేసింది. గ్లిజరిన్ చలికి ఇంకా చిక్కబడుతుంది. చిన్న పాడ్‌లో ఉండే సన్నటి రంధ్రాల్లోంచి అది దూదిలోకి దిగేలోపే దూది ఎండిపోయేది.

సీసా మీద వీజీ, పీజీ అని రాసి ఉంటుంది, చూసి కొనండి. వీజీ అంటే ఆ చిక్కటి గ్లిజరిన్, పీజీ అంటే పల్చగా ఉండే ప్రొపిలిన్ గ్లైకాల్. చిన్న పాడ్‌లకు, అంటే కాయిల్ మీద 0.8 ఓమ్స్ (తీగ నిరోధం), 1.0, 1.2 అని ఉన్నవాటికి, వీజీ, పీజీ సగం సగం ఉన్నది తీసుకోండి. 70 శాతం వీజీ 0.5 ఓమ్స్ కంటే తక్కువ ఉన్న పెద్ద కాయిల్స్‌కి. షాపు అతను ఏది చేతికిస్తే అది తెచ్చుకోకండి. చలికాలంలో వేప్‌ని లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. డెలివరీ చేసేవాళ్లు సైకిల్ బ్యాగులో పడేసి గంటల తరబడి వదిలేసి, తీయగానే లాగుతుంటారు. రెండు నిమిషాలు అరచేతిలో పట్టుకోండి, ప్రాణం ఏమీ పోదు.

నికోటిన్ స్ట్రెంగ్త్ కూడా మాడు వాసనకి కారణమేనని ఎవరూ చెప్పరు. రోజుకి ప్యాకెట్ కాల్చిన మనిషి "తక్కువ మంచిది కదా" అని 3 ఎంజీ తీసుకుంటాడు. ఒంటికి అది చాలదు. చాలదు కాబట్టి ఆపకుండా లాగుతూనే ఉంటాడు. పఫ్‌కీ పఫ్‌కీ మధ్య దూది మళ్లీ తడవడానికి అరనిమిషమైనా కావాలి. అది దొరకదు, మాడుతుంది. ఇక్కడ చట్టం ఒప్పుకునే గరిష్ఠం మిల్లీలీటరుకి 20 ఎంజీ. బాగా కాల్చేవాళ్లు చిన్న పాడ్‌లో సాల్ట్ నికోటిన్ (గొంతులో అంత ఘాటుగా తగలని రకం) 20తో మొదలుపెట్టడంలో తప్పు లేదు, తర్వాత తగ్గించుకోవచ్చు. పెద్ద పొగ ట్యాంకులో మాత్రం ఆ 20 పోయకండి, తల తిరిగి వాంతి వస్తుంది.

ట్యాంకు ఇక్కడ 2 మిల్లీలీటర్లకి మించి ఉండదు, అది కూడా రూలే. అంటే త్వరగా అయిపోతుంది. పూర్తిగా అయిపోయేదాకా లాగొద్దు. దూది కనిపించే రంధ్రం కంటే లిక్విడ్ కిందికి దిగితే ఆ చివరి పఫ్‌లే కాయిల్‌ని చంపేవి. పావు వంతు ఉండగానే నింపండి. వాట్స్ మార్చుకునే వేప్ అయితే కాయిల్ మీద చెక్కిన నంబర్లు చూడండి, తక్కువ దాంతో మొదలుపెట్టి రుచి నచ్చేదాకా కొంచెం కొంచెం పెంచండి. కేక్, కస్టర్డ్, బబుల్‌గమ్ లాంటి బాగా తియ్యటి లిక్విడ్లలో సుక్రలోజ్ అనే తీపి పదార్థం వేస్తారు. అది తీగ మీద నల్లటి పాకంలా పేరుకుని కాయిల్‌ని కొన్ని రోజుల్లోనే పాడు చేస్తుంది. మెంథాల్ లాంటివి వాడితే అదే కాయిల్ వారం, రెండు వారాలు వస్తుంది. నోరు తీపి కావాలంటే కాయిల్స్‌కి ఎక్కువ ఖర్చు పెట్టుకోండి, మీ ఇష్టం.

గుడగుడమని శబ్దం వచ్చి నోట్లోకి చుక్కలు వస్తే అది మాడటం కాదు, దూది మునిగిపోవడం. పాడ్ తీసి టిష్యూ మీద రెండు సార్లు విదిలించి, పాడ్ అడుగున వేప్‌కి ఆనే చిన్న లోహపు బిళ్లలు తుడవండి. సరిపోతుంది.

యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో లాగకండి. ఆవిరికి కూడా అలారం మోగొచ్చు. మోగితే బిల్డింగ్ అంతా అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడుతుంది, ఫైన్ పడినా పడొచ్చు. ఇంట్లో చిన్న పిల్లలుంటే లిక్విడ్ సీసా వంటగది కప్‌బోర్డులో పెట్టొద్దు. నికోటిన్ విషం. తాళం వేసే చోటుంటే అక్కడ పెట్టండి.

ఇంటికి వెళ్లేటప్పుడు దీన్ని సూట్‌కేసులో వేసుకోకండి, హ్యాండ్ బ్యాగులోనూ వేసుకోకండి. 2019 చట్టంలో దిగుమతి కూడా నిషేధమే. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని రాసి ఉంది. "నా వాడకానికే కదా" అని శంషాబాద్‌లో వాదించడానికి కూర్చోవాలా? ప్రయాణానికి ముందు ఫార్మసీలో నికోటిన్ ప్యాచ్‌లో గమ్మో కొనుక్కోండి, నెల రోజులు వాటితో గడపొచ్చు.

ఇంత చదివి భయపడిపోయి ఉంటారు. సరే, చెప్తాను. ఒక మాడు పఫ్‌తో మీకేమీ అయిపోదు. నీళ్లు తాగండి, గొంతు గరగర కాసేపటికి తగ్గుతుంది. తగ్గకుండా దగ్గు, ఆయాసం ఉంటే 111కి, అంటే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరుకి, ఫోన్ చేయండి. ఈ నింపడాలు, ఆగడాలు రెండో మూడో పాడ్ నాటికి చేతికి వచ్చేస్తాయి, ఆలోచించనే ఆలోచించరు. సిగరెట్ మానడానికి సాయం కావాలంటే చాలా కౌన్సిళ్లలో ఉచితంగా స్టాప్ స్మోకింగ్ సర్వీస్ ఉంది. మాట్లాడేవాళ్లు మర్యాదగా మాట్లాడతారు, తిట్టరు.

కొన్ని నెలలు పోయాక 20 నుంచి 10కి దిగాలనిపిస్తే దిగండి. దిగిన కొత్తలో తెలియకుండానే ఎక్కువ సార్లు లాగుతారు. ఆ రోజుల్లో పఫ్‌ల మధ్య ఇంకాస్త ఎడం ఇవ్వండి. ముందు రోజు రాత్రే కొత్త పాడ్ ఒకటి నింపి పక్కన పెట్టుకోండి, పొద్దున హడావిడిలో పది నిమిషాలు ఆగాల్సిన పని ఉండదు.