గోడ ర్యాక్ బిగిద్దాం – 3వ పాఠం: మూడు రంధ్రాల లెక్క

పోయిన పాఠంలో, నెట్‌వర్క్ పరికరాలు బిగించే 9యూ (యూ అంటే ఎత్తు కొలత, కింద చెప్తాను) ర్యాక్‌ను గోడకు ఎక్కించాం. కడప బండ అరకు కాకుండా ఇటుక గోడకే యాంకర్ బోల్టులు వేయమని ఎందుకన్నానో, బండకు డ్రిల్ పెట్టి చూసినవాళ్లకు తెలిసే ఉంటుంది. ఆ రాయి పొరలు పొరలుగా లేస్తుంది. సరే, గోడ సంగతి అయింది. ఇవాళ ర్యాక్ తలుపు తీసి, లోపలి నిలువు పట్టీలు చూద్దాం.

పైనుంచి కిందిదాకా చదరపు రంధ్రాలే. అన్నీ సమాన దూరంలో ఉన్నట్టే కనబడతాయి, కానీ ఉండవు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య మిగిలిన ఇనుము చూడండి. రెండు చోట్ల సుమారు 6 మిల్లీమీటర్లు, మూడో చోట 3 మాత్రమే. మళ్లీ రెండు వెడల్పు, ఒకటి సన్నం. ఆ సన్నటి చోటు మధ్యలోనే ఒక యూ ముగిసి ఇంకో యూ మొదలవుతుంది. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. అందులో మూడు రంధ్రాలు. మన 9యూ ర్యాక్‌లో ఒక్కో పట్టీకి 27.

ఇది తెలియక నేను తిన్న దెబ్బ చెప్తాను. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక చిన్న ఆఫీసులో నా మొదటి ర్యాక్. స్విచ్‌ను (కంప్యూటర్లను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె) ఒక రంధ్రం కిందికి పెట్టాను. పై స్క్రూ ఎక్కింది, కింది స్క్రూ ఎంత తిప్పినా కూర్చోలేదు. స్విచ్ చెవే (స్క్రూలు పట్టే పక్క రేకు) వంకరనుకుని, ఒక్కో పక్క ఒక్క స్క్రూతోనే వదిలేశాను. తర్వాత దాని కింద ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లు వచ్చి ముగిసే పోర్టుల పలక) పట్టలేదు, పైన వేలెడు సందు వృథాగా మిగిలింది. "ఏంప్పా, తొమ్మిది పడతాయంటివే!" అని ఓనరు. అన్నీ విప్పి మళ్లీ బిగించేసరికి రాత్రి పది.

అసలు జరిగిందేమిటంటే, 1యూ పరికరం చెవిలో స్క్రూల మధ్య దూరం మామూలుగా 31.75 మిల్లీమీటర్లు. ఒక రంధ్రం జరిపితే మధ్యలో సన్నటి చోటు పడి, పట్టీలో అది 28.6 అవుతుంది. కాబట్టి స్క్రూ 3 మిల్లీమీటర్ల తేడాతో మొరాయిస్తే పరికరాన్ని తిట్టకండి, రంధ్రాలు మళ్లీ లెక్కపెట్టండి.

ఇక స్క్రూను పట్టుకునే కేజ్ నట్. చదరపు బోనులో కూర్చున్న నట్ అది, మన దగ్గర ఎక్కువగా ఎం6 సైజు (6 మిల్లీమీటర్ల స్క్రూకు). పట్టీ వెనకనుంచి పెట్టాలి. ఆ బోనుకు రెండు రెక్కలుంటాయి, అవి కుడి ఎడమలకు ఉండాలి. పైకీ కిందికీ పెడితే సన్నటి ఇనుము దగ్గర పక్క నట్‌తో ఒరుసుకుంటుంది. ముందు ఒక రెక్క దూర్చి, రెండోదాన్ని చపట స్క్రూడ్రైవర్‌తో నొక్కి లోపలికి జారనివ్వండి. బొటనవేలితో నొక్కితే వేలు తెగుతుంది. నా వేలి మీద మచ్చ ఇంకా ఉంది. చేత్తో పెట్టేవాళ్లూ ఉన్నారు, నేను మాత్రం ఆ జోలికి పోను.

బరువైన యూపీఎస్‌ను గోడ ర్యాక్‌లో పెట్టొద్దు, నేల మీదే ఉంచండి. ఏప్రిల్, మే ఎండలకు ర్యాక్ లోపల గాలి ఉడికిపోతుంది. అందుకే పై ఒక యూ ఖాళీగా వదలండి. ఫ్యాన్లు, దుమ్ము సంగతి తర్వాత వివరంగా చెప్తాను.

ఇంటిపని: మార్కర్‌తో రెండు పట్టీల మీదా ప్రతి సన్నటి చోట గీత గీయండి, కిందినుంచి పైకి 1 నుంచి 9 దాకా నంబర్లు వేయండి. తర్వాత 8వ యూలో కుడికి రెండు, ఎడమకు రెండు నట్లు, పై రంధ్రంలో ఒకటి, కింది రంధ్రంలో ఒకటి పెట్టండి. మధ్యది ఖాళీ. వచ్చే పాఠంలో అక్కడ కూర్చునేది 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్. ప్యానెల్‌లోకి కేబుల్ తీగలు నొక్కే పంచింగ్ టూల్ కూడా దగ్గర పెట్టుకోండి.