జయపురంలో పాత కారు కొంటున్నారా? ముందు ఘాట్ ఎక్కించండి

ఉద్యోగం మీద ఒడిశాలోని కొరాపుట్ జిల్లాకు, అంటే సునాబేడకో, దామన్‌జోడికో, జయపురానికో వచ్చిన మన తెలుగువాళ్ళకు మొదటి నెలలోనే కారు అవసరం తెలిసొస్తుంది. సాలూరు, విజయనగరం వైపు సొంతూళ్ళు ఉన్నవాళ్ళకు పిల్లలతో, సామానుతో బస్సు ప్రయాణం కష్టం. కొత్త బండికి డబ్బు చాలదు కాబట్టి పాతది వెతుకుతారు. నేనూ అలాగే కొన్నాను.

అమ్మినాయన నా కళ్ళముందే ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ చేసి చూపించారు. జయపురం మెయిన్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు తిప్పాను. ఎక్కడా ఇబ్బంది లేదు. వారం తిరక్కుండానే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కొరాపుట్ బయల్దేరాను. కొండ ఎక్కే ఘాట్ రోడ్డు మధ్యలో మూడో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం ముందుకు సాగట్లేదు. వెనక లారీ ఒకటే హారన్. పక్కకు తీసి ఆపేసరికి లోపలంతా మాడు వాసన. మెకానిక్ వచ్చి చూసి, "క్లచ్ పోనాది బాబూ. చదును రోడ్డు మీద తెల్దు, ఎక్కినప్పుడే బయటపడతాది" అన్నాడు.

అందుకే టెస్ట్ డ్రైవ్ ఊళ్ళో ముగించవద్దని చెబుతున్నాను.

పొద్దున్నే వెళ్ళండి. నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని ముందురోజే ఫోన్‌లో చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి, మొహమాటపడకండి. తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా మీటరు మీది వార్నింగ్ లైట్లు చూడండి. ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు కాసేపట్లో, ఇంజిన్ లైటు బండి స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని పీకేసి ఉండొచ్చు. స్టార్ట్ చేసేటప్పుడు మీతో వచ్చినవారిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. ఇక్కడి చలికాలంలో మొదట కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ ఆగకపోతే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఇంజిన్ లోపలికి పోయి కాలుతోందని అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు.

ఇక ఘాట్. జయపురం నుంచి కొరాపుట్‌కి దాదాపు 20 కిలోమీటర్లు. ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో చూసుకుని, మీ లైసెన్స్ జేబులో పెట్టుకుని, ఓనర్‌నీ ఇంకో ఇద్దరినీ ఎక్కించుకుని బయల్దేరండి. ఏసీ వేయండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు లేస్తూ స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి ఉంచండి. పైన ఆగినప్పుడు బండి కిందికి వంగి చూడండి. ఏసీ నీళ్ళు కారితే కంగారు లేదు, నూనె చుక్కలు కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. దిగుడు ఇంకా ముఖ్యం. గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేయండి. గేర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారితే గేర్‌బాక్స్ అరిగినట్టు. బ్రేక్ తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతోందా, పెడల్ అదురుతోందా గమనించండి. తిరిగొచ్చాక ఏదైనా గుంతల వీధిలో పాటలు ఆపేసి, అద్దాలు దించి, చప్పుళ్ళు వింటూ మెల్లగా నడపండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింట్ చూపించాలి.

వరదలో మునిగిన బండి అయితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం, గజపతి జిల్లాలు నీళ్ళలో చిక్కుకున్నాయి. అంతకుముందు కొన్న బండి అయితే, అప్పుడు అది ఎక్కడుందో అడగండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, తుడవని మట్టి చార అక్కడే మిగిలిపోతుంది. సీటు కింది బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి.

కాగితాల్లో మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఏపీ నంబరు బండితోనే. "ఇక్కడ అందరూ ఇలాగే తిరుగుతున్నారు" అంటారు, నమ్మకండి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. అందుకు పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఒడిశా రోడ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ కూడా కలిపి ధర లెక్కేసుకోండి. ఓడీ 10 నంబరు కొరాపుట్‌ది, ఓడీ 18 రాయగడది. ఇలాంటి ఒడిశా బండికి ఈ తిప్పలు లేవు, ఫారం 29, 30లతో పేరు మారుతుంది. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మీద బ్యాంకు పేరుంటే, లోన్ తీరిందని ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకోండి.

ఘాట్‌కి వెళ్ళే రోజు మెకానిక్‌ని కూడా పిలవండి. జయపురంలో తెలుగు వచ్చిన మేస్త్రీలు దొరుకుతారు, ఆ పూట కూలి ఇస్తే సంతోషంగా వస్తారు. ఎక్కేటప్పుడు మీరు నడపండి. దిగేటప్పుడు స్టీరింగ్ ఆయనకిచ్చి, మీరు పక్క సీట్లో కూర్చోండి.